యువరాజు అయ్యాక ఏ దారి పట్టాలి? చైనా రాజభవనం చూపించే ఐదు దారులు

“నలభై ఏళ్లు యువరాజుగానే ఉండిపోయినవాడు లోకంలో ఎక్కడైనా ఉన్నాడా?” అని యిన్‌రెంగ్ విసుక్కున్నాడని చెప్పుకుంటారు. ఇతను చింగ్ వంశపు కాంగ్‌షీ చక్రవర్తి కొడుకు. 1674లో పుట్టాడు. రెండేళ్లు నిండకముందే యువరాజని ప్రకటించేశారు. పాలు తాగే వయసులో మొదలైన ఎదురుచూపు ముప్పై దాటినా తెగలేదు. నాన్నగారేమో గుర్రమెక్కి వేటకు వెళ్తూనే ఉన్నారు. కాంగ్‌షీ మొత్తం 61 ఏళ్లు ఏలాడు.

మా మేనకోడలు చైనా సీరియళ్లు సబ్‌టైటిళ్లతో తెగ చూస్తుంది. మొన్న ఫోన్ పక్కన పడేసి, “ఈ యువరాజులంతా ఇంత చేతకానివాళ్లేంటి మావయ్యా? తమ్ముళ్లు కుట్ర చేస్తున్నారని తెలుసు, నాన్న చెవిలో ఎవరో ఊదుతున్నారనీ తెలుసు. ఏదో ఒకటి చెయ్యొచ్చుగా?” అంది. చెయ్యొచ్చు. చేసినవాళ్లూ ఉన్నారు. ఎదురుతిరిగినవాళ్లు, మనుషుల్ని కూడగట్టినవాళ్లు, నోరు మూసుకుని కూర్చున్నవాళ్లు, మంచితనం నటించినవాళ్లు, దండం పెట్టి తప్పుకున్నవాళ్లు. ఎవరికి ఏమైందో పక్కపక్కన పెట్టి చూస్తే ఏ దారి ఎప్పుడు పనికొస్తుందో కొంత తెలుస్తుంది.

అసలు ఈ కుర్చీ ఎలాంటిది

చైనాలో యువరాజు ఉండే చోటుని తూర్పు భవనం అనేవాళ్లు. రానురాను ఆ పేరు మనిషికే అంటుకుంది. తూర్పు భవనం అలిగింది అంటే యువరాజు అలిగాడని. అక్కడ అతనికి గురువులు, సలహాదారులు, గుమస్తాలు, సొంత కాపలా సైనికులు ఉండేవాళ్లు. రేపు రాజ్యం నడపాలి కాబట్టి ఇవాళ్టి నుంచే అలవాటు పడతాడని చిన్న సైజు ప్రభుత్వం చేతికిచ్చేవాళ్లు. కొడుక్కి ఇచ్చిన ఆ బుల్లి ప్రభుత్వమే ఏదో ఒక రోజు తండ్రి కంటికి రెండో ప్రభుత్వంలా కనిపించేది.

చదువు సంగతి చెప్పక్కర్లేదు. 1687 వేసవిలో యిన్‌రెంగ్ చదువు ఎలా సాగిందో ఆస్థాన దినచర్యలో రాసిపెట్టారు. ఒక్కో పాఠం 120 సార్లు చదవాలి. తానూ చిన్నప్పుడు అలాగే చదివానని కాంగ్‌షీ పట్టు. ఆ ఎండకి ముసలి గురువుగారు ఒకాయన నిలబడలేక తూలిపోయారు. కుర్రాడు మాత్రం చదువుతూనే ఉన్నాడు. ఇంత చదివించిన కొడుకుని ఆ తండ్రే రెండుసార్లు పదవి నుంచి దించాడు.

ఎందుకంటే ఈ ఉద్యోగంలో ప్రమోషన్ ఒక్కటే. అది రావాలంటే పైనున్నాయన పోవాలి. ఆ పైనున్నాయన కన్నతండ్రి. ‘ఒంట్లో ఎలా ఉంది నాన్నగారూ’ అని రోజూ అడిగితే, ఎప్పుడు పోతానా అని చూస్తున్నాడంటారు. అడక్కపోతే రాతిగుండె అంటారు. పని బాగా చేస్తే ఆత్రం, చెయ్యకపోతే చేతకానితనం. మనవాళ్లు అడకత్తెరలో పోకచెక్క అనేది ఇలాంటి బతుకునే.

చాలామంది ఈ కథల్ని అన్నదమ్ముల పోటీగా చూస్తారు. నాకు అలా అనిపించదు. తమ్ముళ్లు ఎప్పుడూ ఉంటారు. తండ్రికీ కొడుక్కీ మధ్య ఉన్న తలుపు ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు ప్రశ్న. సుయ్ వంశపు యాంగ్ యోంగ్‌ని చూడండి. 581 నుంచి యువరాజు. 600లో తండ్రి అతన్ని దించేసి, రెండో కొడుకు యాంగ్ గ్వాంగ్‌ని యువరాజు చేశాడు. అంతటితో ఆగకుండా, దించేసిన అన్నని ఆ తమ్ముడి కాపలాలోనే పెట్టాడు. నా తప్పేమీ లేదు, ఒక్కసారి కలవనివ్వండని అన్న ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా ఆ మాట తండ్రిదాకా పోలేదు. చివరికి చెట్టెక్కి, తండ్రి ఉన్న భవనం వైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు. అరుపు వినపడింది కూడా. ఏమిటా గొడవ అని అడిగితే, పక్కనున్న మంత్రి యాంగ్ సూ, ఆయనకి మతి చెడిందండీ, దెయ్యం పట్టింది అన్నాడు. తండ్రి నమ్మాడు. 604లో తండ్రి పోయాడు, వెంటనే అన్ననీ చంపించేశారు.

కాబట్టి ఏ దారైనా ఎంచుకునేముందు నాన్న గురించి మూడు సంగతులు చూసుకోవాలి. ఆయన వయసెంత, ఆయన గద్దె ఎలా ఎక్కాడు, ఇవాళ నువ్వు వెళ్తే ఆయన్ని కలవగలవా. మూడోది మిగతా రెండింటికంటే ముఖ్యం.

ముందే దెబ్బ కొట్టడం

ఈ దారిలో ఇద్దర్ని పక్కపక్కన పెట్టాలి. ఒకడు ఓడిపోయాడు, ఇంకొకడు చైనా చరిత్రలోనే గొప్ప చక్రవర్తుల్లో ఒకడయ్యాడు.

ఓడినవాడు హాన్ వంశపు లియు జూ. వూ చక్రవర్తి కొడుకు. క్రీ.పూ. 122 నుంచి యువరాజు. ముప్పై ఏళ్లు పెద్ద గొడవేమీ లేకుండా గడిచాయి. తండ్రి ముసలివాడయ్యాడు, జబ్బుపడ్డాడు, ఎవరో తనకి చేతబడి చేస్తున్నారన్న భయం పట్టుకుంది. ఆ భయాన్ని విచారించే పని జియాంగ్ చోంగ్ అనే అధికారికి అప్పజెప్పాడు. అతనికీ యువరాజుకీ ముందునుంచే పడదు. ముసలాయన పోతే యువరాజు తనని బతకనివ్వడని అతనికి తెలుసు. క్రీ.పూ. 91లో అతను భవనాల్లో నేలలు తవ్విస్తూ తవ్విస్తూ తూర్పు భవనం దాకా వచ్చాడు. అక్కడ కొయ్యబొమ్మలు దొరికాయన్నాడు.

ఆ సమయంలో తండ్రి రాజధాని చాంగాన్‌లో లేడు. దూరంగా గాన్‌చువాన్ భవనంలో మంచాన ఉన్నాడు. వెళ్లి కాళ్లమీద పడదామంటే దారి లేదు. అప్పుడు గురువు షీ ద ఒక పాత కథ గుర్తుచేశాడు. హాన్‌కి ముందు ఏలిన చిన్ వంశపు తొలి చక్రవర్తి పెద్దకొడుకు ఫూసూ సంగతి మరిచిపోయారా అన్నాడు. క్రీ.పూ. 210లో చిన్ చక్రవర్తి పర్యటనలో చనిపోతే, పక్కనున్నవాళ్లు ఆ సంగతి దాచిపెట్టి, చచ్చిపొమ్మని ఫూసూకి దొంగ ఉత్తరం పంపారు. ఒకసారి కనుక్కుందాం ఆగమని సేనాపతి మెంగ్ తియాన్ బతిమాలాడు. తండ్రి చావమంటే ఇంకా అడిగేదేముందని ఫూసూ ప్రాణం తీసుకున్నాడు. ఇప్పుడు మీ నాన్నగారు మాత్రం బతికి ఉన్నారని ఎలా తెలుసు అన్నది గురువు ప్రశ్న. సరైన ప్రశ్నే. నేనైనా ఆ మాటకి లొంగిపోయేవాణ్ణేమో.

లియు జూ జియాంగ్ చోంగ్‌ని చంపించి, ఆయుధాగారం తెరిచి జనానికి ఆయుధాలిచ్చాడు. తండ్రి మొదట్లో కోప్పడలేదు. భయపడి చేసుంటాడులే, పిలుచుకురండి అని ఒక దూతని పంపాడు. ఆ దూతకి నగరంలోకి వెళ్లే ధైర్యం చాల్లేదు. మధ్యలోనే వెనక్కి తిరిగి, యువరాజు తిరగబడ్డాడండీ, నన్ను చంపబోతే పారిపోయి వచ్చాను అన్నాడు. ఆ ఒక్క అబద్ధంతో నగరంలో ఐదు రోజులు తండ్రి సైన్యమూ కొడుకు సైన్యమూ కొట్టుకున్నాయి. లియు జూ ఓడి పారిపోయాడు, చివరికి ఉరేసుకున్నాడు. తల్లి వెయ్ మహారాణి కూడా ప్రాణం తీసుకుంది. ఆయన కుటుంబంలో పసిగుడ్డు మనవడు ఒక్కడే మిగిలాడు. జైల్లో ఉన్న ఆ పసివాణ్ణి బింగ్ జీ అనే అధికారి దయతలచి, ఆడఖైదీలతో పాలిప్పించి బతికించాడు. కొన్నాళ్లకి కొడుకు తప్పు లేదని తండ్రికి తెలిసింది. జియాంగ్ చోంగ్ కుటుంబాన్ని నాశనం చేశాడు, కొడుకుని తలుచుకోవడానికి ఒక భవనం కట్టించాడు. దాని పేరే ‘కొడుకుని తలుచుకునే భవనం’. జైల్లో బతికిన మనవడు క్రీ.పూ. 74లో చక్రవర్తి అయ్యాడు. లియు జూకి ఒరిగిందేమీ లేదు.

గెలిచినవాడు తాంగ్ వంశపు లీ షిమిన్. ఇతను యువరాజు కాదు, యువరాజు తమ్ముడు. అన్న లీ జియాన్‌చెంగ్. తమ్ముణ్ణి ముందే తప్పించమని అన్న దగ్గరున్న వెయ్ జెంగ్ లాంటివాళ్లు చెబుతూనే ఉన్నారు. అన్న తాత్సారం చేశాడు. తమ్ముడు చెయ్యలేదు. 626లో ఒక రాత్రి లీ షిమిన్ తండ్రి దగ్గరికెళ్లి అన్న మీద, ఇంకో తమ్ముడి మీద ఫిర్యాదు చేశాడు. రేపు పొద్దున అందరూ రండి, తేలుద్దాం అన్నాడు తండ్రి. పొద్దున్నే అన్నదమ్ములు రాజభవనపు ఉత్తర ద్వారం, షువాన్‌వూ ద్వారం దగ్గరికి వచ్చేసరికి అక్కడ కాపలా అధికారి అప్పటికే లీ షిమిన్ మనిషి. అన్నని లీ షిమిన్ స్వయంగా బాణంతో కొట్టాడు. ఇంకో తమ్ముణ్ణి అతని అనుచరుడు యూచీ జింగ్‌ద చంపాడు. ఇద్దరి కొడుకులూ కలిపి పదిమంది, వాళ్లనీ మిగల్చలేదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. యూచీ జింగ్‌ద కవచం తీయకుండా, చేతిలో ఈటెతో నేరుగా తండ్రి దగ్గరికి వెళ్లాడు. చక్రవర్తి అప్పుడు సరస్సులో పడవ మీద ఉన్నాడు. ఆ మనిషిని, ఆ ఈటెని చూశాక ఆయనకి మాట్లాడడానికి ఏం మిగిలింది? మూడు రోజుల్లో లీ షిమిన్ యువరాజు, రెండు నెలల్లో చక్రవర్తి.

లియు జూకీ లీ షిమిన్‌కీ మధ్య తేడా ధైర్యంలో లేదు. సాయంత్రానికి నాన్న ఎవరి చేతిలో ఉన్నాడన్నదే తేడా. నాన్న అదే ఊళ్లో ఉండి, తలుపు దగ్గర కాపలావాడు నీ మనిషైతే తప్ప ఈ దారి వైపు చూడొద్దు. తండ్రి రెండు రోజుల ప్రయాణం దూరంలో ఉంటే అసలే వద్దు. మధ్యలో ఒక పిరికి దూత చాలు కొంప ముంచడానికి.

మనుషుల్ని కూడగట్టుకోవడం

అన్నిటికంటే తెలివైనదిగా కనిపించేది ఈ దారే. అన్నిటికంటే ఎక్కువమందిని ముంచింది కూడా ఇదే. నాకు నచ్చని దారి కూడా ఇదే కాబట్టి కొంచెం పక్షపాతంగా రాస్తున్నానేమో, చూసుకోండి.

లీ షిమిన్ చక్రవర్తి తైజోంగ్ అయ్యాక తన పెద్దకొడుకు లీ చెంగ్‌చియాన్‌ని యువరాజు చేశాడు. అప్పటికి పిల్లాడికి ఏడెనిమిదేళ్లు. పెద్దయ్యాక కాలికి జబ్బొచ్చి కుంటేవాడు. తురుష్కుల మాట, కట్టుబాట్లు అంటే పిచ్చి. తూర్పు భవనంలోనే వాళ్లలాగా డేరా వేయించి అందులో ఉండేవాడు. ఇటు తమ్ముడు లీ తై పండితుల్ని చేర్చుకుని పెద్ద భూగోళ గ్రంథం రాయించి తండ్రి మెప్పు కొట్టేశాడు. భయపడ్డ అన్న సేనాపతి హౌ జున్‌జీని కలుపుకుని కుట్ర పన్నాడు. ఈ హౌ జున్‌జీ ఒకప్పుడు షువాన్‌వూ ద్వారం దగ్గర తండ్రి పక్షాన నిలబడ్డవాడే. 643లో అంతా బయటపడింది. నేనప్పటికే యువరాజుని, నాకింకేం కావాలి, తమ్ముడు నా వెంటపడితే ప్రాణం కాపాడుకోవడానికే మనుషులతో మాట్లాడాను అన్నాడు చెంగ్‌చియాన్. అబద్ధం కాదు. కానీ ప్రాణం కాపాడుకునే గుంపూ, గద్దె లాక్కునే గుంపూ బయటినుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. తైజోంగ్‌కి అది అందరికంటే బాగా తెలుసు. తను వచ్చిన దారి అదే కదా.

పెద్దవాణ్ణి దూరప్రాంతానికి పంపేశారు, రెండేళ్లలోపే పోయాడు. ఇక తమ్ముడు లీ తై తండ్రి ఒళ్లో పడి, నేను గద్దె ఎక్కితే చనిపోయేముందు నా కొడుకుని చంపి తమ్ముడు లీ జ్‌కి రాజ్యమిస్తాను అన్నాడు. తైజోంగ్ కరిగిపోయాడు. మంత్రి చూ సుయిలియాంగ్ మాత్రం, రాజ్యం చేతికొచ్చాక కన్నకొడుకుని చంపి తమ్ముడికిచ్చేవాడు ఎవడుంటాడండీ అన్నాడు. అప్పుడు తండ్రికి లెక్క అర్థమైంది. లీ తైకి ఇస్తే మిగతా ఇద్దరూ బతకరు. ఏ గుంపూ లేని, మెతకవాడైన తొమ్మిదో కొడుకు లీ జ్‌కి ఇస్తే ముగ్గురూ బతుకుతారు. అలా ఏమీ చెయ్యనివాడు యువరాజయ్యాడు.

ఇప్పుడు మొదట్లో వదిలేసిన యిన్‌రెంగ్ దగ్గరికి వద్దాం. పురిట్లోనే తల్లి పోయింది. తల్లి తరఫు పెద్ద, మంత్రి సోంగ్గోతు ఇతనికి అండ. ఆ అండే మెల్లగా ఒక వర్గమైంది. 1703లో కాంగ్‌షీ సోంగ్గోతుని జైల్లో వేశాడు, అక్కడే పోయాడు. 1708 వేట ప్రయాణంలో ఏడెనిమిదేళ్ల చిన్న తమ్ముడు జబ్బుపడితే యిన్‌రెంగ్ ముఖంలో బాధే లేదని తండ్రికి కోపం వచ్చింది. దానికితోడు రాత్రిపూట తన డేరా దగ్గరికొచ్చి సందులోంచి లోపలికి తొంగి చూస్తున్నాడన్నాడు. ఇవాళ విషం పెడతారో, రేపు చంపేస్తారో తెలియకుండా బతుకుతున్నానని అందరి ముందూ ఏడుస్తూ నేలమీద పడిపోయి కొడుకుని పదవి నుంచి దించాడు. దేశాన్ని గడగడలాడించిన మనిషి ఆయన.

కొడుకు మారిపోవడానికి పెద్దన్న ఒక లామాతో చేయించిన చేతబడే కారణమన్న ఆరోపణ తర్వాత బయటికొచ్చింది. కాంగ్‌షీకి అదే కావలసి వచ్చింది. ఈలోగా కొత్త యువరాజు ఎవరైతే బాగుంటుందని మంత్రుల్ని అడిగితే ఎక్కువమంది ఎనిమిదో కొడుకు పేరు చెప్పారు. మంత్రుల ఆదరణ ఉందంటే మంచిదేగా అనుకుంటాం. తండ్రి కంటికి అది ఇంకో వర్గం. ఎనిమిదోవాడి పని కూడా అక్కడితో అయిపోయింది. 1709లో యిన్‌రెంగ్‌ని మళ్లీ యువరాజు చేశాడు, 1712లో మళ్లీ దించాడు. ఈసారి గృహనిర్బంధం. 1715లో యిన్‌రెంగ్ తనని సేనాపతిగా సిఫార్సు చెయ్యమని, కనపడకుండా పటిక నీళ్లతో ఉత్తరం రాసి, వైద్యుడి చేత బయటికి పంపించాడు. అదీ పట్టుబడింది. 1725లో ఆ నిర్బంధంలోనే పోయాడు. అప్పటికి గద్దె మీద ఉన్నది తమ్ముడు యోంగ్‌జెంగ్.

తండ్రి పెద్దవాడై, ఇంకా ఆరోగ్యంగా ఉన్నాడంటే గుంపు కట్టడం కంటే పెద్ద పొరపాటు ఉండదు. నీ కోసం మాట్లాడే ప్రతి మనిషీ నీ మీద ఒక సాక్ష్యమే.

నోరు మూసుకుని కూర్చోవడం

మా మేనకోడలికి చిరాకు తెప్పించే దారి ఇది. నేను అందరికంటే ఎక్కువ మార్కులు వేసేది కూడా దీనికే. కాకపోతే ఊరికే కూర్చోవడం అంత సులువు కాదు. ఖర్చు కూడా తక్కువేం కాదు.

మింగ్ వంశపు జు గావోచీ బాగా లావు. పుస్తకాల పురుగు. తండ్రి యోంగ్‌లె చక్రవర్తి మాత్రం అన్న కొడుకు మీద యుద్ధం చేసి, 1402లో గద్దె లాక్కున్న మనిషి. ఆ యుద్ధంలో పక్కనే నిలబడి పోరాడింది రెండో కొడుకు జు గావోషూ. మీ అన్నకి ఒంట్లో బాగుండదు, నువ్వు గట్టిగా పనిచెయ్ అని తండ్రి వీపు తట్టి అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని తమ్ముడు ఇరవై ఏళ్లు ఆశపడ్డాడు.

జు గావోచీ తెలివి ఎక్కడుందో ఒక్క సంఘటన చాలు. యుద్ధం జరుగుతుండగా శత్రువైన చక్రవర్తి ఇతనికి రహస్యంగా ఉత్తరం పంపాడు. మా వైపు రా, నీకు పదవి ఇస్తాం అని. తమ్ముడి మనుషులు అప్పటికే పరుగెత్తి, అన్న శత్రువుతో కలిశాడని తండ్రికి చెప్పేశారు. జు గావోచీ ఆ ఉత్తరాన్ని విప్పలేదు. వేసిన ముద్ర వేసినట్టే, తెచ్చిన దూతతో సహా తండ్రి దగ్గరికి పంపేశాడు. విప్పి చదివి, ఇదిగో నాన్నా చూడండి అన్నా సరిపోయేదేమో అనుకుంటాం. సరిపోదు. విప్పావంటే ఒక్క క్షణమైనా ఆలోచించావని అర్థం.

1404లో యువరాజయ్యాడు. తండ్రి ఉత్తరాన మంగోలుల మీదికి దండయాత్రలకి వెళ్తే, ఇతను రాజధానిలో పాలన చూసేవాడు. తమ్ముడు చాడీలు చెబుతూనే ఉన్నాడు. చాడీలు చెప్పేవాళ్లు ఉన్నారని తెలుసా అని ఎవరో అడిగితే, నాకు తెలిసింది కొడుకుగా నా పని చెయ్యడమే అన్నాడు. బాగుంది. కానీ బిల్లు ఎవరు కట్టారు? ఇతని పేరు సిఫార్సు చేసిన పండితుడు షియె జిన్, తండ్రి లేనప్పుడు యువరాజుని కలిసి వెళ్లాడన్న నేరం మీద జైలుపాలై, 1415లో మంచులో చనిపోయాడు. 1414లో యుద్ధం నుంచి వస్తున్న తండ్రికి స్వాగతం కాస్త ఆలస్యమైంది. యువరాజుని ఏమీ అనలేదు, అతని కొలువులోని హువాంగ్ హువాయ్, యాంగ్ పూ లాంటివాళ్లని పదేళ్లు జైల్లో పెట్టారు. యాంగ్ పూ అక్కడ పుస్తకాలు చదువుకుంటూ కాలం గడిపాడు. 1424లో జు గావోచీ చక్రవర్తి కాగానే వాళ్లని విడిపించాడు. ఏడాది తిరక్కుండానే తనూ పోయాడు. ఇరవై ఏళ్ల ఓపికకి దక్కింది ఏడాది లోపు రాజ్యం. అయినా గద్దె అతని కొడుక్కే వెళ్లింది, 1426లో తిరగబడ్డ జు గావోషూ పట్టుబడ్డాడు.

ఇదే దారిలో తాంగ్ వంశపు లీ హెంగ్ ఇంకా కష్టపడ్డాడు. అతని తండ్రి షువాన్‌జోంగ్ 737లో ఒక్క రోజే ముగ్గురు కొడుకుల ప్రాణం తీయించాడు. అందులో ఒకడు అప్పటి యువరాజు. మరుసటేడు ఆ కుర్చీలో లీ హెంగ్‌ని కూర్చోబెట్టాడు. ప్రధానమంత్రి లీ లిన్‌ఫుకి ఇతనంటే పడదు. 746లో భార్య అన్న మీద నేరం మోపితే, లీ హెంగ్ తనే ముందుకొచ్చి భార్యకి విడాకులు ఇచ్చేశాడు. ఆమె సన్యాసినిగా మారిపోయింది. అదే ఏడాది చివర్లో ఇంకో భార్య తండ్రి మీద కేసొస్తే, ఆమెనీ పంపించేశాడు. టెన్షన్‌తో జుట్టు నెరిసి, అక్కడక్కడా ఊడిపోయిందని రాశారు. ఆ స్త్రీల వైపు నుంచి చూస్తే దీన్ని ఓపిక అని మెచ్చుకోబుద్ధి కాదు. 756లో ఆన్ లూషాన్ తిరుగుబాటుకి తండ్రి నైరుతికి పారిపోతే, లీ హెంగ్ ఉత్తరాన లింగ్‌వూ వెళ్లి తనే చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. పద్దెనిమిదేళ్లు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డవాడు, తలుపే లేకుండా పోయిన రోజున మాత్రం క్షణం ఆలస్యం చెయ్యలేదు.

నటించడం

యాంగ్ యోంగ్ చెట్టెక్కి అరవాల్సి వచ్చింది తమ్ముడి నటన వల్లే. తల్లి దుగు మహారాణికి ఉంపుడుగత్తెలంటే ఒళ్లుమంట. అన్న బహిరంగంగా ఉంచుకున్నాడు. యాంగ్ గ్వాంగ్ భార్య ఒక్కతే చాలన్నట్టు కనిపించాడు. తల్లిదండ్రులు ఇంటికొస్తే వీణలాంటి వాద్యాలు తీగలు తెగి, దుమ్ముపట్టి ఉండేవి. సంగీతం విలాసాలు ఎరుగని పిల్లాడని మురిసిపోయారు. గద్దె ఎక్కాక అసలు రంగు బయటపడింది. కాలువలు, రాజధానులు, కొరియా మీద యుద్ధాలు, చివరికి 618లో సొంత సైనికుల చేతిలోనే చావు. నటన గెలిపిస్తుంది, ఏలడం మాత్రం నేర్పదు. అమ్మ మాట చెల్లే ఇంట్లో తప్ప ఇది పని చెయ్యదు కూడా.

తప్పుకోవడం

భీష్ముడి కథ విన్న మనకి ఇది వింతగా అనిపించదు. క్రీ.శ. 41లో తల్లిని పట్టపురాణి పదవి నుంచి దించాక, హాన్ యువరాజు లియు చియాంగ్ తనూ తప్పుకుంటానని మళ్లీ మళ్లీ అడిగాడు. 43లో తండ్రి ఒప్పుకున్నాడు. తర్వాత గద్దెనెక్కిన తమ్ముడు అతన్ని గౌరవంగానే చూశాడు. 710లో తాంగ్ రాకుమారుడు లీ చెంగ్‌ఛీ, తనే పెద్దకొడుకైనా, దేశం ప్రమాదంలో ఉన్నప్పుడు పనిచేసినవాడికే పదవి ఇవ్వాలని తమ్ముడు లీ లోంగ్‌జీకి వదిలేశాడు. ఆ తమ్ముడే, ముగ్గురు కొడుకుల్ని ఒక్క రోజులో చంపించిన షువాన్‌జోంగ్. కానీ ఈ అన్నతో మాత్రం ముప్పై ఏళ్లు ప్రేమగా ఉన్నాడు. అన్నదమ్ములంతా ఒకే మంచం మీద పడుకోవడానికి పొడుగాటి తలగడ, పెద్ద దుప్పటి కుట్టించాడు. అన్న పోయాక అతనికి చక్రవర్తి బిరుదు ఇచ్చాడు. ‘వదులుకున్న చక్రవర్తి’ అని దాని అర్థం.

షరతు ఒక్కటే. గొడవ మొదలవ్వకముందే తప్పుకోవాలి. సాక్ష్యాలు పోగయ్యాక తప్పుకుంటానంటే అది ఒప్పుకోలు అవుతుంది.

అయితే ఏది ఎంచుకోవాలి

నాన్న ముసలివాడై, జబ్బుపడి, మధ్యలో వేరేవాళ్లు కూర్చుని ఉంటే, ఎన్ని కష్టాలు పడైనా ముందు ఆయన్ని చేరుకో. చేరలేకపోతే తప్పుకో, అదీ కుదరకపోతే పారిపో. కత్తి మాత్రం తియ్యకు. నాన్న ఆరోగ్యంగా, అనుమానంగా ఉంటే ఉత్తరాలు విప్పకు, స్నేహితుల్ని పెంచుకోకు. నాన్న గద్దెని లాక్కున్నవాడైతే ఇంకా జాగ్రత్త. నీ ముఖంలో ఆయనకి తన పాత ముఖం కనిపిస్తుంది. తమ్ముడు నీకంటే నిజంగా సమర్థుడు, దేశం చూస్తోంది అంటే లీ చెంగ్‌ఛీ దారి. నన్నడిగితే ఆ పొడుగాటి తలగడే మేలు.

ఇదంతా కొడుకుల వైపు లెక్క. తండ్రి వైపు నుంచి ఆలోచించినవాడు యోంగ్‌జెంగ్. అన్న యిన్‌రెంగ్ పతనాన్ని దగ్గరుండి చూశాడు కాబట్టి 1723లో యువరాజు అనే కుర్చీనే తీసేశాడు. వారసుడి పేరు కాగితం మీద రాసి, పెట్టెలో పెట్టి, చియాన్‌చింగ్ భవనంలో సింహాసనం పైన ఉన్న ఫలకం వెనక దాచాడు. ఇంకో ప్రతి తన దగ్గర ఉంచుకున్నాడు. తను పోయాక రెండూ సరిపోల్చి చూసుకోండి అన్నాడు. తూర్పు భవనం లేదు, వర్గం లేదు, ఎవరి పేరు ఉందో తెలియదు కాబట్టి కొడుకులంతా ఒళ్లు దగ్గర పెట్టుకునేవాళ్లు. 1735లో ఆ పెట్టెలోంచి వచ్చిన పేరు హోంగ్‌లీ, అతనే చియాన్‌లోంగ్ చక్రవర్తి. అతను 1736లో రాసిపెట్టిన పిల్లాడు యోంగ్‌లియాన్ రెండేళ్లకే చనిపోయాడు. తర్వాత 1773లో రాసిన పేరుని 1795 దాకా, అంటే 22 ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఆ పెట్టె ముందు కూడా పోటీ ఆగలేదు, రూపం మార్చుకుందంతే. దావోగ్వాంగ్ చక్రవర్తి ఇద్దరు కొడుకుల్ని వేటకి తీసుకెళ్లాడని, యీషిన్ జంతువుల్ని బాగా కొట్టాడని, యీజూ ఒక్క బాణం కూడా వెయ్యలేదని చెబుతారు. ఎందుకంటే వసంతకాలం, జంతువులు కడుపుతో ఉంటాయి, మనసొప్పలేదన్నాడట. గురువు నేర్పిన మాట అది. 1846లో పెట్టెలోకి వెళ్లిన పేరు యీజూది.

ఫలకం వెనక పెట్టిన చివరి పేరు అదే. చక్రవర్తి అయ్యాక యీజూకి బతికిన కొడుకు ఒక్కడే, అతనికి పిల్లల్లేరు, ఆ తర్వాతి చక్రవర్తికీ లేరు. రాయడానికి ఇంకో పేరు లేక ఆ పెట్టె వంశం ముగిసేదాకా ఖాళీగానే ఉండిపోయింది.